ఆకుపచ్చ కాలరు కింద తెల్ల పోగులు: ఒక బ్రిటిష్ ఆఫీసర్ ట్యూనిక్ కేస్ స్టడీ

పరిశీలనకు వచ్చిన వస్తువు స్కార్లెట్ ఉన్ని గుడ్డతో కుట్టిన ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) ఆఫీసర్ ఫుల్ డ్రెస్ ట్యూనిక్, అంటే పరేడ్లకూ దర్బార్లకూ తొడిగే లాంఛనపు కోటు. ముందు ఎనిమిది గుండీలు, వెనక నడుము దగ్గర రెండు. ముందు అంచు పొడవునా తెల్ల పైపింగ్, అంటే అంచుకు కుట్టిన సన్నని గుడ్డ పట్టీ. కాలరు, కోసుగా పైకి లేచిన కఫ్‌లు గరికపచ్చ రంగు. కాలరు రెండు కొసలా స్ఫింక్స్ (సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న ఈజిప్టు బొమ్మ) బ్యాడ్జీలు. భుజాల మీద మెలితిప్పిన బంగారు తాళ్లు, ఒక్కో తాడు మీద రెండేసి నక్షత్రాలు. లోపలి జేబుకు గుండుసూదితో గుచ్చిన పాత చీటీ ఒకటి ఉంది. ఈ కోటు 24వ రెజిమెంటు కెప్టెన్‌దనీ, 1879లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ సైన్యం జులూలతో చేసిన జులూ యుద్ధం కాలందనీ అందులో రాసి ఉంది.

ఆ చీటీ నిజమైతే ఇది చాలా అరుదైన వస్తువు. 1879 జనవరి 22న ఆ యుద్ధంలోని ఇసాండ్ల్వానా పోరులో, అక్కడున్న 24వ రెజిమెంటు దళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అదే రోజు సాయంత్రం మొదలైన రోర్క్స్ డ్రిఫ్ట్ పోరుకు 11 అత్యున్నత శౌర్య పతకాలు, అంటే విక్టోరియా క్రాస్‌లు వస్తే, వాటిలో 7 ఈ రెజిమెంటువే. అందుకే ఆకుపచ్చ కాలరున్న ఎర్రకోటు దేన్నైనా 24కు అంటగట్టే ఆశ మార్కెట్‌లో ఎప్పుడూ ఉంటుంది. ఇలాంటి చోట చీటీని పక్కన పెట్టి ముందు కోటును చదవాలి. చీటీని చివర్లో చూడవచ్చు.

బయటినుంచి చదివితే

మొదట భుజాలు చూడాలి. బ్రిటిష్ ఆఫీసర్ల హోదా గుర్తులు, అంటే కిరీటం, నక్షత్రం, 1855 నుంచి 1880 దాకా కాలరు మీద ఉండేవి. 1880లో అవి భుజాలకు మారాయి. ఈ కోటులో నక్షత్రాలు భుజం తాళ్ల మీద ఉన్నాయి, కాలరు మీద రెజిమెంటు బ్యాడ్జీ ఉంది. హోదా గుర్తు ఉండాల్సిన కాలంలో ఆఫీసర్ కాలరు మీద స్ఫింక్స్‌కు చోటు లేదు. 1801 ఈజిప్టు దండయాత్ర నుంచి 24వ రెజిమెంటుకు స్ఫింక్స్ గుర్తు ఉన్నమాట నిజమే. అయితే గుర్తు పాతదైనంత మాత్రాన అది కుట్టిన కోటు పాతది కాదు.

తరవాత ఫేసింగ్, అంటే కాలరు, కఫ్‌ల రంగు. ఈ కేసులో అసలు చిక్కు ఇదే. 24వ రెజిమెంటు ఫేసింగ్ 1881 దాకా గరికపచ్చ. 1881 జూలై 1న చిల్డర్స్ సంస్కరణలు అమల్లోకి వచ్చి, అంకెల రెజిమెంట్లు పేర్ల రెజిమెంట్లయ్యాయి. 24వది సౌత్ వేల్స్ బార్డరర్స్ అయింది. రాయల్ అనే గౌరవమున్న వాటికి నీలం, ఇంగ్లండ్, వేల్స్ రెజిమెంట్లకు తెలుపు, స్కాట్లండ్‌వాటికి పసుపు, ఐర్లండ్‌వాటికి ఆకుపచ్చ ఫేసింగ్ అని నిర్ణయించారు. దాంతో ఈ రెజిమెంటుకు తెల్ల కాలరు వచ్చింది. పాత రంగుల మీద మమకారంతో ఆ తరవాత చాలా రెజిమెంట్లు వాటిని ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకున్నాయి. సౌత్ వేల్స్ బార్డరర్స్‌కు గరికపచ్చ 1905లో తిరిగొచ్చింది.

కాబట్టి ఈ రెజిమెంటుకు సంబంధించినంతవరకు ఆకుపచ్చ కాలరు 1881కి ముందుదైనా కావాలి, 1905 తరవాతిదైనా కావాలి. భుజాల మీది నక్షత్రాలు మొదటి దారిని మూసేశాయి. మిగిలింది 1905 తరవాత.

మిగతా ఆధారాలు ఆ నిర్ణయాన్నే బలపరిచాయి. కోటు మీది బంగారు జరీ లేసు గులాబీ నమూనాది. ఇంగ్లండ్, వేల్స్ రెజిమెంట్లకు ఆ నమూనా ఇచ్చింది 1881లోనే. స్కాట్లండ్‌కు తిసిల్ (ముళ్ల పువ్వు), ఐర్లండ్‌కు షామ్‌రాక్ (మూడు రేకుల ఆకు) ఇచ్చారు. ఆఫీసర్ గుండీల మీద 1881 దాకా రెజిమెంటు అంకె ఉండాలి. వీటి మీద 24 లేదు. సిపాయిల గుండీలతో దీన్ని కలపకూడదు. సిపాయిలకు 1871లోనే అంకెలు తీసేసి, రాజచిహ్నమున్న ఉమ్మడి గుండీ ఇచ్చారు. కోసు కఫ్ మాత్రం ఇక్కడ ఏదీ తేల్చదు. ఆఫీసర్లకు అది 1868 నుంచే ఉంది.

ఇక హోదా. 1880 నుంచి 1902 దాకా రెండు నక్షత్రాలుంటే కెప్టెన్, ఒకటుంటే లెఫ్టినెంట్. సెకండ్ లెఫ్టినెంట్‌కు ఏదీ లేదు. 1902లో ఒక్కో నక్షత్రం పెంచారు: సెకండ్ లెఫ్టినెంట్‌కు ఒకటి, లెఫ్టినెంట్‌కు రెండు, కెప్టెన్‌కు మూడు. 1905 తరవాత తొడిగిన కోటు మీద రెండు నక్షత్రాలుంటే దాని యజమాని లెఫ్టినెంటు. చీటీ రాసినవారికి 1902కు ముందు పట్టిక తెలుసు. తరవాతి మార్పు తెలియదు. తప్పు ఎక్కడ పుట్టిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇంకో మాట. జులూ యుద్ధంలో ఆఫీసర్లు రణరంగంలో తొడిగింది ముదురు నీలం ప్యాట్రోల్ (గస్తీ) జాకెట్టు, లేదా ఫ్రాక్ అనే సాదా ఎర్ర కోటు. బంగారు లేసు ట్యూనిక్ పరేడ్లకూ దర్బార్లకూ ఉద్దేశించినది. “ఇసాండ్ల్వానాలో వేసుకున్న ఫుల్ డ్రెస్” అని ఎవరైనా చెబితే, కోటు చూడకముందే అనుమానించాలి.

లోపలికి వెళితే

ఇక్కడితో ఆపితే “1905–1914, లెఫ్టినెంటు” అని రాసి ముగించవచ్చు. 1914 తరవాత గార్డ్స్ (రాజరక్షక దళాలు), బ్యాండ్లు తప్ప మామూలు లైన్ రెజిమెంట్ల ఆఫీసర్లలో ఫుల్ డ్రెస్ వాడకం పోయింది గనక పై హద్దూ దొరికింది. కానీ లోపలి జేబు తిరగేస్తే దర్జీ లేబుల్ కనిపించింది. దాని మీద సిరాతో యజమాని పేరు, 1899 అనే సంవత్సరం.

ఆఫీసర్లు తమ దుస్తులు సొంత డబ్బుతో ప్రైవేటు దర్జీల దగ్గర కుట్టించుకునేవారు. అందుకే లేబుల్, పేరు, తేదీ దొరికే అవకాశం ఆఫీసర్ కోటులోనే ఎక్కువ. సిపాయిల కోటుకు లోపల స్టాంపులుంటాయి: కొలత, సంవత్సరం, బాణం గుర్తు. మరి 1899లో ఈ రెజిమెంటుకు తెల్ల కాలరే ఉండాలి. కాలరేమో ఆకుపచ్చ.

మూడు అవకాశాలున్నాయి. ఒకటి, లేబుల్ వేరే కోటు నుంచి తెచ్చి కుట్టి ఉండాలి. రెండు, 1905లో రంగు మారినప్పుడు యజమాని కొత్త కోటుకు డబ్బు పెట్టలేక పాతదానికే కాలరు, కఫ్‌లు మార్పించి ఉండాలి. మూడు, తెల్ల కాలరు కోటుకు ఈ మధ్యకాలంలో ఎవరో ఆకుపచ్చ గుడ్డ వేసి జులూ యుద్ధం కోటుగా తయారుచేసి ఉండాలి. రెండోదీ మూడోదీ పైకి ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీయడానికే ఎక్కువ సమయం పట్టింది.

పరికరాలు పెద్దవేం అక్కర్లేదు: పదింతలు చూపే భూతద్దం, పక్కనుంచి వాలుగా పడే లైటు, 365 నానోమీటర్ల యూవీ టార్చి, మొన లేని పట్టకారు, నైట్రైల్ గ్లౌజులు. గ్లౌజులు చేతి చెమట గుండీలకు అంటకుండా మాత్రమే కాదు, మన కోసం కూడా. పాత సేకరణల్లో పురుగు పట్టకుండా ఆర్సెనిక్, పాదరసం లవణాలు చల్లిన కోట్లు ఉంటాయి.

లేబుల్‌తో మొదలుపెట్టాం. దాని కుట్టు జేబు అస్తరు కుట్టుతో ఒకే దారం, ఒకే మెలి. అదనపు సూది బెజ్జాలు లేవు. లేబుల్ చుట్టూ అస్తరు వెలిసి, దాని కింద ముదురుగా ఉంది. లేబుల్ మొదటినుంచీ అక్కడే ఉంది. మొదటి అవకాశం పోయింది.

తరవాత కాలరు. దాని అడుగున మెడ కుట్టు ఒకచోట సహజంగానే అంగుళం మేర విడిపోయి ఉంది. కొత్తగా ఏమీ విప్పలేదు, విప్పకూడదు కూడా. ఆ సందులోంచి వాలు లైటులో చూస్తే, స్కార్లెట్ గుడ్డ మడతలో చిక్కుకున్న తెల్ల ఉన్ని పోగులు నాలుగైదు కనిపించాయి. వాటి పక్కనే వాడకంలో లేని సూది బెజ్జాల వరస, ఇప్పటి కుట్టుకు కాస్త కింద. అంటే ఇక్కడ ఒకప్పుడు తెల్ల కాలరు ఉండేది.

ఇక ఆ ఆకుపచ్చ గుడ్డ ఎప్పుడు వచ్చినట్టు? చీకటి గదిలో యూవీ టార్చి వేస్తే కాలరు కుట్టిన దారం వెలగలేదు. రెండో ప్రపంచయుద్ధం తరవాత దారాల్లో, గుడ్డల్లో వాడుక పెరిగిన తెలుపు పెంచే రసాయనాలు యూవీలో నీలి తెలుపుగా మెరుస్తాయి. మెరిసిందంటే కొత్తదని గట్టిగా చెప్పవచ్చు. మెరవకపోతే మాత్రం పాతదని తేలినట్టు కాదు, ఎందుకంటే రసాయనం లేని దారం ఇవాళా దొరుకుతుంది. విడిపోయిన చోట వేలాడుతున్న దారపు ముక్క ఒక మిల్లీమీటరు కాల్చి చూస్తే నూలులా మండి బూడిదైంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగిలేది.

నిర్ణయాన్ని తేల్చింది మాత్రం నాలుగు చిన్న గుర్తులు. స్ఫింక్స్ బ్యాడ్జీ కింద ఆకుపచ్చ గుడ్డ దాని ఆకారంలోనే ముదురుగా ఉంది, చుట్టూ వెలిసింది. లేసు అంచు వెంట వెండి నలుపు ఆకుపచ్చ గుడ్డలోకి దిగి సన్నని గీతలా పడింది. కాలరు లోపలి అంచున మెడ రాసుకుని ఉన్ని నూగు అరిగింది, ఆ అరుగుదల మధ్యలో లేదు, దవడ తగిలే రెండు వైపులా ఉంది. నాలుగోది అన్నిటికన్నా గట్టిది. కుడి కఫ్ దగ్గర చిమ్మట పురుగు తిన్న దారి స్కార్లెట్ మీద మొదలై, కుట్టు దాటి, ఆగకుండా ఆకుపచ్చ మీదకు వెళ్ళింది. పురుగు తినేటప్పటికే రెండు గుడ్డలూ కలిసి ఉన్నాయి. ఈ నాలుగూ ఒకేచోట, ఒకదానికొకటి సరిపడేలా పుట్టించడం మోసగాడికి అయ్యే పని కాదు.

చివరగా ఆర్మీ లిస్టులు, అంటే ఆఫీసర్ల పేర్లు, హోదాలు అచ్చువేసిన అధికారిక జాబితాలు. 19వ శతాబ్దం, 20వ శతాబ్దం మొదటి భాగం నాటి బ్రిటిష్ ఆర్మీ లిస్టులను స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజిట్ కూడా వెతకవచ్చు. లేబుల్ మీది పేరు 1899 నాటికి ఇదే రెజిమెంటులో సెకండ్ లెఫ్టినెంటు, ఫేసింగ్ మారే నాటికి లెఫ్టినెంటు. కొత్తలో ఈ భుజం తాళ్లకు నక్షత్రాలే ఉండి ఉండవు. తాళ్ల అడుగున రెండేసి బెజ్జాలే ఉన్నాయి. మూడోది తీసేసిన జాడ లేదు.

కాబట్టి ఇది 1899లో తెల్ల ఫేసింగ్‌తో కుట్టి, 1905 తరవాత గరికపచ్చకు మార్చిన ట్యూనిక్. జులూ యుద్ధం కోటుకు పలికే ధర దీనికి రాదు. కానీ రెజిమెంటు తన పాత రంగును తిరిగి తెచ్చుకోవడం ఒకే గుడ్డ మీద కనిపించే వస్తువు ఇది, మా దృష్టిలో చాలా విలువైంది. ఇలాంటి కోటు దొరికితే “అసలు స్థితికి తెద్దాం” అని తెల్ల కాలరు వేయించే సేకర్తలున్నారు. ఆ పని చేస్తే 1899 కోటు తిరిగి రాదు, ఉన్న చరిత్ర కాస్తా పోతుంది.

శుభ్రం చేయడం, నిలవ చేయడం

ముందు పురుగు. కఫ్ దగ్గర పొరలా అంటుకున్న గూడు, ఇసక రేణువుల్లాంటి మలం ఉన్నాయి. బతికున్న పురుగు కనిపించకపోయినా ఉందనే అనుకోవాలి. కోటును ఆమ్లరహిత టిష్యూలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత నొక్కేసి, టేపుతో మూయాలి. మైనస్ 18 డిగ్రీల ఇంటి ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి. మైనస్ 30 ఇచ్చే ఫ్రీజర్ ఉంటే మూడు రోజులు చాలు. ఫ్రీజర్ ముందే పూర్తిగా చల్లబడి ఉండాలి. నెమ్మదిగా చల్లబడితే పురుగు అలవాటుపడి బతికిపోతుంది. కరెంటు పోయి ఉష్ణోగ్రత పైకెక్కితే లెక్క మళ్ళీ మొదటినుంచి. లోపల ఒక థర్మామీటరు ఉంచితే ఆ సంగతి తెలుస్తుంది. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకూడదు. విప్పితే గాలిలోని తడి చల్లటి గుడ్డ మీదా గుండీల మీదా నీటి బిందువులుగా చేరుతుంది. తొందరపడి ఇక్కడే చాలామంది పాడుచేసుకుంటారు.

ఆ తరవాత దుమ్ము. వాక్యూమ్ క్లీనర్ను తక్కువ వేగంలో పెట్టి, కోటు మీద నైలాన్ వల పరిచి, దాని పైనుంచి లాగాలి. లేసు మీద వాక్యూమ్ వద్దు, మెత్తని బ్రష్ చాలు. తడపడం, డ్రైక్లీనింగ్, ఇస్త్రీ ఏవీ వద్దు. స్కార్లెట్ రంగు తెల్ల పైపింగ్‌లోకి దిగితే మళ్ళీ పోదు.

లేసు గురించి తెలుగువారికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇది మన జరీయే. పట్టు పోగు చుట్టూ సన్నగా సాగగొట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. గద్వాల చీర జరీ నల్లబడ్డట్టే ఇదీ గాలిలోని గంధకంతో నల్లబడుతుంది. చింతపండు, నిమ్మకాయ, పళ్లపొడి, ఇత్తడి పాలిష్ ఏదీ దగ్గరికి రానివ్వకూడదు. ఆమ్లం పట్టు పోగును తింటుంది, పాలిష్ ఉన్న కాస్త బంగారాన్నీ రాసుకుపోతుంది. గుండీలకూ అదే మాట. బంగారు పూత పోయి ఇత్తడి బయటపడ్డ గుండీలు ఎప్పటికీ అలాగే ఉంటాయి. ఈ కోటు లేసు నల్లబడి ఉంది, అలాగే వదిలేశాం.

అస్తరు పట్టు ఎడమ చంక దగ్గర నిలువునా చీలికలు పడింది. ఆ కాలంలో పట్టుకు బరువు పెంచడానికి తగరపు లవణాలు పట్టించేవారు, వాటి వల్లే పట్టు ఇలా పొడిపొడిగా విరుగుతుంది. దాని మీద జిగురు, ఇస్త్రీతో అతికే గుడ్డలు వాడకూడదు. పల్చటి పట్టు క్రెపలీన్ ముక్కకు సరిపడే రంగు వేసి, చీలిక మీద కప్పి, చుట్టూ గట్టి గుడ్డలోకి మాత్రమే సన్నని పట్టు దారంతో కుట్టాం. ఆ కుట్టు ఎప్పుడు కావాలన్నా విప్పవచ్చు. చీటీని పట్టుకున్న గుండుసూది తుప్పు పట్టింది. నూనె వేయకుండా, తుప్పు విరిగేలా నెమ్మదిగా తిప్పి తీశాం.

దండెం మీద వేలాడదీయలేదు. లేసు, తాళ్ల బరువంతా భుజం కుట్టు మీద పడుతుంది. ఆమ్లరహిత పెట్టెలో పడుకోబెట్టి, చేతుల్లోనూ మడతల్లోనూ నలిపిన టిష్యూ ఉండలు నింపాం. ఉన్నికీ పట్టుకీ సున్నపు క్షారం కలపని టిష్యూనే వాడాలి. తేమ 45 నుంచి 55 శాతం మంచిది, 65 దాటితే బూజు. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో వానాకాలం పెట్టెలో సిలికా జెల్ సంచులు, చిన్న తేమ మీటరు తప్పనిసరి. కలరా ఉండలు వద్దు. ఆ ఆవిరి మనిషికి మంచిది కాదు, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, పురుగు గుడ్లను నమ్మకంగా చంపదు కూడా. ప్రదర్శనకు పెడితే వెలుతురు 50 లక్స్ దాటకూడదు. తొడుక్కుని ఫొటో దిగాలనే కోరిక అందరికీ ఉంటుంది. చంక, మెడ, మోచేయి కుట్లు వందేళ్ళ తరవాత ఒక్కసారి వంగినా తెగుతాయి.

మన దగ్గర కొనేవారికి

సికింద్రాబాద్ కంటోన్మెంట్లో, తిరుమలగిరి చుట్టూ పాత ఇళ్లలో నిజమైన కోట్లు ఉండే వీలుంది. మద్రాసు ఆర్మీ పదాతి దళాలు కూడా ఎర్రకోట్లే తొడిగాయి. కానీ అంగట్లో “బ్రిటిష్ కాలం” అని చూపేవాటిలో పెళ్లి బ్యాండు కోట్లను ముందు ఏరేయాలి. వాటి జరీ ప్లాస్టిక్ పొరతో చేసింది, ఎన్నేళ్లయినా నల్లబడదు. గుండీ చేతిలో తేలిగ్గా, అతిగా మెరుస్తూ ఉంటే అనోడైజ్డ్ అల్యూమినియం, అంటే 1950ల తరవాతది. కిరీటం కూడా చూడాలి. 1902 నుంచి 1952 దాకా పైభాగం గుండ్రంగా ఉబ్బిన కిరీటం. విక్టోరియా కాలందీ, 1953 నుంచి 2022 దాకా వాడిందీ మధ్యలో నొక్కినట్టు ఉంటాయి. ఈ రెండింటినీ పొరపడటం వల్లే 1960ల బ్యాండు ట్యూనిక్‌లు విక్టోరియా కాలపువిగా అమ్ముడవుతున్నాయి. మిషన్ కుట్టు చూసి మాత్రం కోటును తోసెయ్యవద్దు. 1860ల నాటికే సైనిక దుస్తులకు కుట్టుమిషన్ వచ్చేసింది.

మన దేశంలో దొరికిన వందేళ్లు దాటిన కోటును విదేశీ సేకర్తకు పంపే ముందు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం చూడాలి. వందేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తి ఎగుమతి చేయడం నేరం.

ఈ కోటు రికార్డులో ఫొటోలు ఈ క్రమంలో ఉన్నాయి: ముందు, వెనక, కాలరు లోపల, మెడ సందులో తెల్ల పోగులు, బ్యాడ్జీ తీసినప్పటి నీడ, కుడి కఫ్ మీద పురుగు దారి, లేబుల్. నంబరును నూలు టేపు మీద రాసి, వెనక నడుము గుండీ కాడకు వదులుగా కట్టాం. జులూ యుద్ధం చీటీని పారేయలేదు. పాలిస్టర్ కవరులో వేరుగా పెట్టి, ఏ జేబుకు, ఏ తేదీ దాకా గుచ్చి ఉందో దాని పక్కన పెన్సిల్‌తో రాశాం.